తెలుగునాట ప్రభుబిరుదులు: పుట్టుక, అర్థపరిణామం

పాలనాధికారాన్నో, వంశగౌరవాన్నో, రాజాదరణనో తెలుపుతూ ఒక మనిషి పేరుకు ముందో వెనకో చేరే మాట ప్రభుబిరుదు. మహాతలవరి, సామంతుడు, మండలేశ్వరుడు, నాయకుడు, రెడ్డి, దొర, దేశ్‌ముఖ్, నవాబు, జంగ్, బహద్దూర్ ఇలాంటివే. రెండు వేల ఏళ్లకు పైగా ఇవి తెలుగు నేల మీద ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కొన్ని ఇక్కడే పుట్టాయి. కొన్ని సంస్కృత ప్రాకృతాల నుంచి, కొన్ని అరబ్బీ, పార్సీ, తురుష్క భాషల నుంచి వచ్చి చేరాయి. భాష ఏదైనా వీటిలో చాలావాటి నడక ఒకటే. మొదట అది ఒక పని పేరు. ఆ పని తండ్రి నుంచి కొడుక్కి దక్కడంతో హోదా అవుతుంది. పని పోయాక కూడా హోదా మిగులుతుంది. చివరికి హోదా కూడా కరిగి, ఇంటిపేరుగానో, పేరు చివరి మాటగానో, వాడుకలో ఒక పలుకుబడిగానో నిలుస్తుంది.

రాజు, మహారాజు, రాయలు

‘రాజు’ అతి పాత మాట. లాటిన్ భాషలో రాజును తెలిపే ‘రెక్స్’, సంస్కృత ‘రాజన్’ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రవేత్తల నిర్ణయం. వేదకాలంలో రాజు అంటే ఒక జనానికి పెద్ద. రాజ్యాలు పెరిగేకొద్దీ ఆ ఒక్క మాట చాలలేదు. మౌర్య అశోకుడు అంత విశాలమైన దేశాన్ని ఏలి కూడా తన శాసనాల్లో ‘రాజు’ అనే చెప్పుకున్నాడు. గుప్తుల తొలి ఇద్దరు పాలకులు ‘మహారాజు’లు. మూడోవాడైన మొదటి చంద్రగుప్తుడు ‘మహారాజాధిరాజు’. పైవాడు పెద్ద బిరుదు పెట్టుకున్నప్పుడల్లా పాత బిరుదు ఒక మెట్టు దిగుతుంది. అలా గుప్తుల కాలం నుంచి ‘మహారాజు’ తరచుగా సామంతులకు చెల్లే మాట అయింది.

‘రాజ’ శబ్దం ప్రాకృతంలో ‘రాయ’ అయింది. విజయనగర చక్రవర్తులు ‘రాయలు’గా ప్రసిద్ధులు. ఆ ‘రాయ’ మాటే మరో దారిలో ‘రావు’ అయి, ఈనాడు లక్షలమంది పేర్ల చివర ఉంది. నిజాం 1800లో ఇంగ్లీషువారికి ఇచ్చివేసిన జిల్లాలను చాలాకాలం దత్త మండలాలు అని పిలిచేవారు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు ఆ పేరు మార్చి ‘రాయలసీమ’ అందామన్నారు. అప్పగింతను గుర్తుచేసే పేరు పోయి, ఏలికల బిరుదు ఆ నేలకు పేరైంది.

మహాతలవరి నుంచి తలారి దాకా

తెలుగు నేల మీద దొరికిన తొలినాటి రాతల్లోనే అధికారుల పేర్లు కనిపిస్తాయి. కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి అశోక శాసనంలో రాజుకులు, రఠికులు ఉన్నారు. రఠికుడు అంటే రాష్ట్రానికి, అంటే ఒక సీమకు సంబంధించిన అధికారి. శాతవాహనుల నాటికి ‘మహారఠి’ గొప్ప వంశాల బిరుదు. నానాఘాట్ శాసనంతో పేరుపొందిన నాగనిక ఒక మహారఠి కూతురే. మహాభోజ, మహాసేనాపతి అనేవి కూడా ఆ కాలపు బిరుదులు.

క్రీ.శ. మూడో శతాబ్దంలో కృష్ణా తీరాన విజయపురిని ఏలిన ఇక్ష్వాకుల శాసనాలు ఈ విషయంలో విలువైనవి. నాగార్జునకొండ మహాచైత్యం స్తంభాల మీద ఆ రాజకుటుంబపు స్త్రీలు తమ దానాలను చెక్కించారు. వారిలో ముఖ్యురాలు చాంతిసిరి. ఆమె వాసిష్ఠీపుత్ర శాంతమూలుడి తోబుట్టువు. పూకియ వంశానికి చెందిన ‘మహాతలవర’ ఖందసిరి ఆమె భర్త. శాంతమూలుడి కూతురు అడవి చాంతిసిరి భర్త ధనక వంశపు ఖందవిసాఖుడు. ఆయనకు మహాసేనాపతి, మహాతలవర, మహాదండనాయక అని మూడు బిరుదులు. రాజు ఆడపడుచునూ కూతురినీ ఇచ్చిన ఇళ్లకు ఉన్న బిరుదు కాబట్టి, మహాతలవరి ఆ రాజ్యంలో అగ్రశ్రేణి ప్రభువని తేలుతుంది.

ఆ ‘తలవర’ శబ్దమే కన్నడంలో ‘తళవార’, తెలుగులో ‘తలారి’ అయిందని శాసన పరిశోధకులు అంటారు. తలారిని చూసినవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. చేత కర్ర, భుజాన కండువా. ఊరికి కాపలా, దండోరా వేయడం, శిస్తు కాలంలో మునసబు వెంట ఇంటింటికీ తిరగడం, ఎవరికైనా కబురొస్తే పిలుచుకు రావడం ఆయన పని. కరణం, మునసబుల ముందు ఆయన కూర్చునేవాడు కాదు. ఒకనాడు రాజుకు అల్లుడైనవాడి బిరుదు, పదిహేడు వందల ఏళ్ల తర్వాత చావడి గుమ్మం బయట నిలబడ్డ మనిషి కొలువు పేరైంది. భాషాశాస్త్రం దీనిని అర్థాపకర్ష అంటుంది. అయితే దిగింది హోదా మాత్రమే. కాపలా అనే అసలు పని చివరిదాకా ఆ మాటతోనే ఉంది.

సామంతుడు, మండలేశ్వరుడు

‘సామంతుడు’ మొదట పొరుగువాడు. అర్థశాస్త్రంలో ఆ మాటకు సరిహద్దున ఉన్న స్వతంత్ర రాజు అనే అర్థం. పొరుగురాజును గెలిచి, రాజ్యం తీసుకోకుండా కప్పం కట్టించుకునే పద్ధతి పెరిగాక ‘పొరుగువాడు’ కాస్తా ‘లోబడినవాడు’ అయ్యాడు. క్రీ.శ. ఆరో శతాబ్దానికి ఈ అర్థమే స్థిరపడింది. తర్వాత సామంతుల్లోనూ అంతరాలు వచ్చి మహాసామంత, మాండలిక, మహామండలేశ్వర బిరుదులు పుట్టాయి.

కాకతీయుల చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ. స్వతంత్రులయ్యే ముందు వారు కళ్యాణి చాళుక్యుల సామంతులు. శాసనాల్లో వారికి ‘సమధిగత పంచమహాశబ్ద’, ‘మహామండలేశ్వర’ అనే విశేషణాలు ఉంటాయి. పంచమహాశబ్దాలంటే ఐదు వాద్యాల మోత. పైనున్న చక్రవర్తి అనుమతి ఇస్తేనే సామంతుడి ముందు ఆ ఐదూ మోగాలి. అంటే బిరుదు చెవికి వినిపించేది, కంటికి కనిపించేది కూడా. గొడుగు, చామరం, ధ్వజం, కాలి గండపెండేరం అన్నీ బిరుదు గుర్తులే. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం రుద్రదేవుడి స్వాతంత్ర్యాన్ని చాటుతోంది. అయినా కాకతీయులు ‘మహామండలేశ్వర’ను వెంటనే వదులుకోలేదు. పైన ప్రభువు లేకపోయినా ప్రజలకు అలవాటైన గౌరవం ఆ మాటలో ఉంది. ఒకరి కింద ఉన్నట్లు తెలిపే బిరుదు అలా సొంత ఘనతకు గుర్తుగా మారింది.

నాయకుడు, రెడ్డి, ప్రెగడ

‘నాయకుడు’ అంటే నడిపేవాడు. కాకతీయుల కాలంలో ఆ మాటకు కచ్చితమైన అర్థం ఉండేది. రాజు ఇచ్చిన ఊళ్ల ఆదాయం అనుభవిస్తూ, అందుకు బదులుగా సైన్యాన్ని పోషించి యుద్ధానికి తెచ్చేవాడు నాయకుడు. ఆ ఏర్పాటు పేరు నాయంకరం. విజయనగర కాలంలో ఇదే అమరం అయింది, దాన్ని పొందినవారు అమరనాయకులు. సామ్రాజ్యం సడలిన కొద్దీ వారిలో బలవంతులు రాజులయ్యారు. తంజావూరు, మధుర ఏలిన తెలుగు నాయక రాజులు అలా వచ్చినవారే. తంజావూరులో వారి కొలువు 1673 దాకా తెలుగు సాహిత్యానికి పుట్టినిల్లులా వెలిగింది.

ఆ తర్వాత ఈ మాట నాలుగు దారులు పట్టింది. ‘నాయుడు’గా కుదించుకుని పేర్ల చివర స్థిరపడింది. సైన్యంలో ‘నాయక్’ అయి, సిపాయికి కొంచెం పైన ఉండే చిన్న హోదాకు పరిమితమైంది. రాజకీయాల్లో ప్రజలను నడిపే ప్రతివాడూ నాయకుడే. కథలో, సినిమాలో ప్రధాన పాత్ర కూడా నాయకుడే. ఒకే మాటలో అర్థసంకోచం, అర్థవ్యాకోచం రెండూ చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

‘రెడ్డి’ మూలం శాసనాల్లోని ‘రట్టగుడి’, ‘రట్టోడి’ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. రట్ట అంటే రాష్ట్రం, సీమ. ఊరికి పెద్దగా ఉండి శిస్తు, తగాదాలు చూసేవాడు రట్టోడి. 1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డి స్థాపించిన రాజ్యంతో ఆ ఊరిపెద్ద పేరు రాజవంశం పేరైంది. ఇటు రాయలసీమ పల్లెల్లో గ్రామాధికారిని ఇటీవలి దాకా రెడ్డి అనే పిలిచేవారు. అంటే పాత పని ఒకచోట పాత పేరుతోనే సాగింది, మరోచోట పేరు సింహాసనం ఎక్కింది, ఇంకోచోట కులనామమైంది.

రాతకోతలు చూసే మంత్రి స్థాయి అధికారికి ‘ప్రెగ్గడ’, ‘ప్రెగడ’ అని పేరు. కన్నడంలో దీని తోబుట్టువు ‘పెర్గడె’, తర్వాత ‘హెగ్గడె’. మహాభారత ఆంధ్రీకరణను పూర్తిచేసిన ఎర్రాప్రగడ పేరు చివర ఉన్నది ఈ బిరుదే. కొలువు పోయి ఎన్నో వందల ఏళ్లయినా ‘ప్రగడ’ మన ఇంటిపేర్లలో పదిలంగా ఉంది.

స్త్రీల బిరుదులు

సంస్కృత ‘స్వామిని’ నుంచి వచ్చిన ‘సాని’ ప్రభువుల ఇంటి ఆడవారికి గౌరవవాచకం. నాయకుడి భార్య నాయకసాని, రెడ్డి భార్య రెడ్డిసాని, దొర భార్య దొరసాని. గుళ్లలో దేవుడి సేవకు అంకితమైన స్త్రీల పేర్ల వెంట కూడా ఈ మాటే గౌరవంగా చేరింది. తర్వాతి కాలంలో ఆ స్త్రీల స్థితిని సమాజం దిగజార్చింది, మాట కూడా వారితోపాటు దిగింది. విడిగా ‘సాని’ అంటే నింద అయింది. ‘దొరసాని’లోనూ, పురుడు పోసే తల్లిని పిలిచే ‘మంత్రసాని’లోనూ మాత్రం పాత మర్యాద చెక్కుచెదరలేదు. మాటకు మచ్చ అంటుకుందంటే, ఆ మాట మోసిన మనుషులకు ఏదో అన్యాయం జరిగిందని అర్థం.

ఇందుకు భిన్నమైనది రుద్రమదేవి విషయం. ఆమె శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’. సింహాసనానికి సరిపడే స్త్రీ బిరుదు ఆనాటి భాషలో లేదు. రాణి, దేవి అనే మాటలు రాజు భార్యకు చెల్లేవే తప్ప, తానే ఏలే స్త్రీకి చెల్లేవి కావు. అందుకే ఆమె పురుషుడి బిరుదునే తీసుకుని ఏలింది.

సుల్తాను, కుతుబ్, నిజాం

అరబ్బీలో ‘సుల్తాన్’ మొదట మనిషిని చెప్పే మాట కాదు, దానికి అధికారం అనే అర్థం. ఆ తర్వాతే అది అధికారం ఉన్నవాడికి బిరుదైంది. విజయనగర రాజులు పద్నాలుగో శతాబ్దంలోనే దాన్ని ‘సురత్రాణ’ అని సంస్కృతీకరించి ‘హిందూరాయ సురత్రాణ’ బిరుదు పెట్టుకున్నారు. యుద్ధం చేసే శత్రువు బిరుదులోని ఘనతను సైతం తమదిగా చేసుకోవడం ఆనాటి రాజనీతి.

బహమనీ సుల్తాన్ కొలువులో సుల్తాన్ కులీకి దక్కిన బిరుదు ‘కుతుబుల్ ముల్క్’, రాజ్యానికి ధ్రువం అని దాని భావం. ఒక ఉద్యోగికి ఇచ్చిన ఆ మాటే 1518 నుంచి గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీ వంశానికి పేరైంది. అరబ్బీలో రాజును తెలిపే ‘మలిక్’ మరో వింత రూపం తీసుకుంది. ఇబ్రహీం కుతుబ్‌షా ఆదరణ పొందిన తెలుగు కవులు ‘మలిక్ ఇబ్రహీం’ను ‘మల్కిభరాముడు’ చేశారు. బిరుదూ పేరూ కలిసి తెలుగు నోట ఒక్క మాటయ్యాయి.

‘నిజాం’ చరిత్రా ఇదే తీరు. ‘నిజాముల్ ముల్క్’ అంటే రాజ్యవ్యవస్థను చక్కదిద్దేవాడు. పదకొండో శతాబ్దంలో సెల్జుక్ తురుష్కుల ప్రసిద్ధ మంత్రికి అది బిరుదు. 1713లో మొగలు చక్రవర్తి ఫరుఖ్‌సియర్ దాన్ని మీర్ ఖమరుద్దీన్‌కు ఇచ్చాడు. 1725లో మహమ్మద్ షా ఆయనకే ‘ఆసఫ్ జా’ బిరుదు ఇచ్చాడు. ఆసఫ్ ఇస్లాం సంప్రదాయంలో సులేమాన్ చక్రవర్తి మంత్రి. రెండూ మంత్రి బిరుదులే. వాటినే ధరించిన ఏడుగురు హైదరాబాద్‌ను 1948 దాకా రాజులుగా ఏలారు. వారి అసలు పదవి దక్కను సుబేదారు, అంటే చక్రవర్తి తరఫున పెద్ద పెద్ద సుబాలు చూసే పాలకుడు. ఈనాటి సైన్యంలో సుబేదార్ ఒక జూనియర్ కమిషన్డ్ అధికారి.

ఆసఫ్‌జాహీ కొలువులో బిరుదులకు మెట్ల వరుస ఉండేది. ఖాన్, ఖాన్ బహద్దూర్, ఆ పైన జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, అన్నిటికన్నా పైన జా. హిందూ ప్రముఖులకు రాయ్, రాజా, రాజా బహద్దూర్, మహారాజా బిరుదులు దక్కేవి. ‘జంగ్’ అంటే యుద్ధం. కానీ ఆ బిరుదు అందుకున్న వారందరూ కత్తి పట్టినవారు కారు. నిజాంసాగర్ నిర్మాణాన్ని నడిపించిన ఇంజనీరు మీర్ అహ్మద్ అలీ బిరుదు ‘నవాబ్ అలీ నవాజ్ జంగ్’. ఆయన పోరాడింది కరువుతో. తెలంగాణలో ఏటా జూలై 11న ఆయన పుట్టినరోజును ఇంజనీర్ల దినంగా జరుపుతారు. యుద్ధాన్ని తెలిపే బిరుదుకు నీళ్లతో ఇంత మంచి అర్థం ఇచ్చినవారు అరుదు.

ఒక పేరులో నాలుగు వందల ఏళ్లు

విజయనగరం ప్రభువుల పూర్తి పేరును విడదీసి చూస్తే ఒక సీమ చరిత్రంతా బయటపడుతుంది. వారి పేరు ముందు ‘మిర్జా’ ఉంటుంది. అది పార్సీ ‘అమీర్‌జాదా’ కుదింపు, అమీరు కొడుకు అని అర్థం. తర్వాత ‘రాజా’, అది సంస్కృతం. ‘పూసపాటి’ ఇంటిపేరు, వారి పూర్వికుల ఊరు కృష్ణా తీరపు పూసపాడు. ‘గజపతి’ ఏనుగుల బలగానికి ప్రభువు, ఒడిశా చక్రవర్తుల బిరుదు. ‘మన్నె సుల్తాన్’లో మన్నె కొండసీమ దొరతనాన్ని తెలిపే తెలుగు మాట, దాని పక్కనే అరబ్బీ మాట. ‘బహద్దూర్’ వీరుడని అర్థమిచ్చే మంగోలు ‘బఘతుర్’ నుంచి వచ్చింది. ఆఖరున మన ‘గారు’, గౌరవ బహువచనమైన ‘వారు’ నుంచి పుట్టింది. గోల్కొండ, ఒడిశా, మొగలు, ఇంగ్లీషు అధికారాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయిన సీమ అది. వచ్చిన ప్రతి అధికారం ఆ పేరులో ఒక పొరను వదిలి వెళ్లింది. 1794లో పద్మనాభం యుద్ధంలో ఈస్టిండియా కుంపిణీ సేనల చేతిలో చిన విజయరామరాజు నేలకొరిగినప్పుడు, ఆ బిరుదుల వెనకున్న స్వతంత్ర బలం పోయింది. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయంతో ఉత్తర సర్కారుల ప్రభువులు జమీందారులయ్యారు. పేర్లలో రాజసం అలాగే ఉంది, పని మాత్రం శిస్తు వసూలుగా మిగిలింది.

దొర

పూర్తిగా మన భాషా కుటుంబానికి చెందిన ప్రభువాచకాల్లో ముఖ్యమైనది ‘దొర’. తమిళంలో దీని రూపం ‘తురై’. మన్యంలో కొండజాతుల పెద్ద దొర. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర, గాం గంటందొర పేర్లలో ఉన్నది ఈ పెద్దరికమే. ఇంగ్లీషువారు వచ్చాక తెల్లవాడు దొర అయ్యాడు. ప్రభుత్వాన్నే ‘దొరతనమువారు’ అని రాసేవారు. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌ను డెల్టా రైతులు కాటన్ దొర అని ఈనాటికీ చేతులెత్తి తలుచుకుంటారు. ఇంగ్లండ్ ప్రభుత్వం ఆయనకు 1861లో ‘సర్’ బిరుదు ఇచ్చింది. దాన్ని గుర్తుంచుకున్నవారు కొద్దిమంది. రైతులు ఇచ్చిన ‘దొర’ నిలిచింది.

అదే మాట తెలంగాణలో మరో రూపం చూపింది. దేశ్‌ముఖ్ అంటే దేశానికి ముఖం, సీమ శిస్తు వ్యవహారాల పెద్ద. ఆ హక్కు వంశాలకు చెందిపోయి, వేల ఎకరాలూ వెట్టిచాకిరీ దానికి తోడై, గడీలో కూర్చున్న దొర ఊరంతటికీ యజమాని అయ్యాడు. ‘నీ బాంచన్ దొరా’ అని జనం వంగిన నడుములతో పలికారు. 1946లో మొదలైన రైతాంగ సాయుధ పోరాటం ఆ మాట మీదా తిరుగుబాటే. కాటన్ దొరలోనూ గడీ దొరలోనూ ఉన్నది ఒకే మాట. ఒక చోట ప్రేమతో, ఒక చోట భయంతో పుట్టిన పిలుపు.

ఇంగ్లీషు ప్రభుత్వపు బిరుదులు

ఇంగ్లీషువారు పాత మాటలనే తీసుకుని కొత్త నిచ్చెన కట్టారు. దక్షిణాదిలో రావు సాహెబ్, దాని పైన రావు బహద్దూర్, ఇంకా పైన దివాన్ బహద్దూర్. వీటికి భూమీ లేదు, సైన్యమూ లేదు, వారసత్వమూ లేదు. గౌరవం మాత్రమే. అయితే వాటిని పొందినవారిలో సేవతో వెలిగినవారు ఉన్నారు. వితంతు వివాహాలకు నడుం కట్టిన కందుకూరి వీరేశలింగానికి 1893లో రావు బహద్దూర్ వచ్చింది. 1918లో ఏడో నిజాంకు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి అది ప్రతిఫలం. సహాయ నిరాకరణ కాలంలో బిరుదులు వదులుకోవడం దేశభక్తికి గుర్తయింది. దాంతో బిరుదు అందుకోవడమే కాదు, తిరిగి ఇచ్చేయడమూ గౌరవమైంది.

ఇతర దేశాల్లో

ఈ నడక మనకొక్కరికే చెందింది కాదు. ఐరోపాలో ‘డ్యూక్’ మూలం లాటిన్ ‘దుక్స్’, సేనను నడిపేవాడు. మన నాయకుడికి సరిజోడు. ‘కౌంట్’ మూలం ‘కోమెస్’, రాజు వెంట ఉండే సహచరుడు. ‘మార్క్విస్’ సరిహద్దు సీమను కాచేవాడు, ఒకప్పటి మన సామంతుడిలా పొలిమేర మనిషి. ఇంగ్లీషు ‘లార్డ్’ పాత రూపానికి రొట్టెను కాపాడేవాడని అర్థం. తనవారికి తిండి పెట్టేవాడే ప్రభువు అనే భావం అందులో ఉంది.

రద్దు, మిగిలిన గుర్తులు

స్వాతంత్ర్యం తర్వాత బిరుదుల కింది నేల వరుసగా కదిలింది. మద్రాసు రాష్ట్రంలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను, హైదరాబాద్‌లో 1949 ఉత్తర్వు జాగీర్లను తీసేశాయి. 1950లో అమలైన రాజ్యాంగం 18వ అధికరణం సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ఏ బిరుదునూ ప్రభుత్వం ఇవ్వరాదంది. నిజాం 1956 దాకా ‘రాజప్రముఖ్’గా ఉన్నారు, ఆ తర్వాత అదీ పోయింది. 1971లో 26వ సవరణ మాజీ పాలకుల గుర్తింపును, రాజభరణాలను రద్దుచేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, వాటిని పేరుకు ముందు వెనుకలు తగిలించుకోరాదనీ 1995లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణం, మునసబు కొలువులూ వంశాల చేయి దాటాయి.

చట్టం తీసేసినవాటిలో కొన్నిటిని భాష దాచుకుంది. శ్రీనాథుడి ‘కవిసార్వభౌమ’ బిరుదులోని సార్వభౌమత్వం ఇరవయ్యో శతాబ్దంలో ‘నటసార్వభౌమ’ నందమూరి తారక రామారావు దాకా సాగింది. గ్రంథాలయాలకు, పత్రికలకు విరాళమిచ్చినవారు ‘రాజపోషకులు’, ‘మహారాజపోషకులు’ అయ్యారు. ఆదరించే మంచి మనిషిని మహారాజు అనడం మన ఇళ్లలో నేటి మాటే.

ఈ రెండు వేల ఏళ్ల వరుస చూస్తే తేలేది ఒకటే. పుట్టినప్పుడు వీటిలో చాలా బిరుదులు బాధ్యతలే. నడపడం, కాయడం, చక్కదిద్దడం, తిండి పెట్టడం. బాధ్యతను మరిచి హోదాను మాత్రమే పట్టుకున్న బిరుదులు చట్టంతో పోయాయి, లేదా జనం నోట నిందగా మారాయి. పని చేసి చూపినవారి బిరుదులను మాత్రం జనం తమ నోటితోనే నిలబెట్టుకున్నారు.